బండిలో కడపటి వరుస

మోటారుబండి కొనుట పురుషుల వ్యవహారమనియు, కొన్న పిదప ఎక్కి కూర్చుండుటయే మన వంతనియు మనలో పలువురు తలచుచుందురు. మేమును నిన్నమొన్నటి వరకు అట్లే తలచితిమి. మా అత్తగారి మోకాళ్లు మా కన్నులు తెరిపించినవి.

మా యింట అత్తమామలు, మరిది, ఇద్దరు పిల్లలతో కలిసి ఏడుగురము. ఒక కార్తికమాసమున బంధువుల ఎత్తుబండిని అడిగి తీసికొని హనుమకొండనుండి పాలంపేట రామప్ప గుడికి బయలుదేరితిమి. మరిది బండి నడపెను. మామగారు ముందు, మావారును పిల్లవాడును నడుమ కూర్చుండిరి. వెనుకకు పొండని మాతో ఎవరును అనలేదు. ఆడవారము గనుక అత్తగారును, మేమును, చిన్నపిల్లయు మాయంతట మేమే కడపటి వరుసకు పోతిమి. ఆ దారి పొడవునను మోకాళ్లు రొమ్మునకు చేరువగా ముడుచుకొనియే యుండవలసి వచ్చెను. గుడి చేరునప్పటికి అత్తగారి కాళ్లు కొయ్యబారినవి. 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన ఆ కోవెలలోని మదనికలను చూడవలెనని ఎన్నాళ్లుగానో కోరిన అత్తగారు, చెట్టునీడను కూర్చుండి మేము తిరిగి వచ్చువరకు ఎదురుచూచిరి.

అటుపిమ్మట ఏ ప్రయాణము తలపెట్టినను, "నేను ఇల్లు చూసుకుంట, మీరు పోయి రాండ్రి" అనుచు వచ్చిరి. కారణము వారు చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఇటీవల మా యింట బండి కొనవలెనను మాట పుట్టినది. ఎస్‌యూవీ యనబడు ఎత్తుబండి మర్యాదగా నుండునని మామగారి అభిప్రాయము. మినీవాను తరగతి బండి పెండ్లివారి బాడుగబండివలె నుండునని మరిది యెత్తిపొడుపు. మేము కుట్టుపనికి వాడు టేపు చేతబట్టుకొని, అత్తగారిని వెంటబెట్టుకొని, అంగళ్లకు వెళ్లి చూచితిమి. తెలిసికొన్నది మీకు విన్నవించుచున్నాము.

బండ్ల కట్టుబడి రెండు విధములు. ఒక విధమున, రెండు పొడవైన ఇనుపదూలములతో చట్రము చేసి, దానిపై గది నిలుపుదురు. స్కార్పియో, ఫార్చ్యూనర్ ఇట్టివి. గతుకులకు ఇవి ఓర్చుకొనును గాని, చట్రముమీది నేల ఎత్తగును. నేల పైకి వచ్చినంతగా కప్పు పెంచుటకు వీలులేదు గనుక సీటుకును నేలకును నడుమ ఎడము తగ్గును. పీట తక్కువయైనప్పుడు మోకాళ్లు పైకి లేచునట్లే, ఇక్కడను తొడలకు ఆధారము తప్పి భారమంతయు నడుముపై పడును. రెండవ విధమున, చట్రము వేరుగా లేక గుల్లయంతయు ఒక్కటిగా నుండును. ఎర్టిగా, క్యారెన్స్ ఇట్టివి. ముందు చక్రములే బండిని లాగును గనుక వెనుక చక్రములకు శక్తి నందించు ఇరుసుకడ్డీ అడుగున ఉండదు. నేల క్రిందికి దిగి, పాదములకు చోటు దొరకును.

వెలుపలి పరిమాణమును చూచి మోసపోరాదు. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ నిడివి 4662 మిల్లీమీటర్లు. 2018 నాటి ఎర్టిగా నిడివి 4395. ఒక జానకంటె ఎక్కువ భేదము. కాని గదికి చోటిచ్చునది ముఖ్యముగా ముందు వెనుక చక్రముల నడిమి దూరము. అది మొదటిదానికి 2750, రెండవదానికి 2740. భేదము ఒక్క సెంటీమీటరు!

పేరును బట్టియు నిర్ణయింపరాదు. ఇన్నోవా క్రిస్టా మినీవాను తరగతిదే యైనను చట్రముపై కట్టినది. దాని తరువాత 2022లో చూపబడిన హైక్రాస్ ఒకే గుల్లగా కట్టినది. నిడివి రెండు సెంటీమీటర్లే పెరిగినను చక్రముల నడిమి దూరము పది సెంటీమీటర్లు పెరిగెను. ఎక్స్‌యూవీ 700 ఎస్‌యూవీ యయ్యును చట్రము లేనిదే.

ఎత్తుబండి నిరుపయోగమని మేమనము. పొలము బాటలయందును, గుంటలుపడిన దారులయందును దాని ఎత్తు అక్కరకు వచ్చును. నిత్యము అట్టి దారిన పోవువారికి అదియే తగినది. మన ప్రయాణములు బడికి, గుడికి, ఆసుపత్రికి, పుట్టింటికి గదా!

పుష్పకమున ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని పెద్దలు చెప్పుదురు. నేటి బండ్లకు ఆ మహిమ లేదు. ఏడుగురి బండియని కాగితమున నున్నను ఏడవవారు ఎట్లు కూర్చుందురో చూడవలయును. నడిమి సీటును మీవారికి సుఖమగునట్లు జరిపించి, ఆ పిమ్మట వెనుక కూర్చుండుడు. మోకాలికిని ముందు సీటునకును నడుమ పిడికిలి పట్టవలెను. తొడ సీటుపై ఆనవలెను. తల కప్పునకు తగులరాదు. చల్లగాలి వెనుకకును రావలెను. తలకు ఆధారమును, ప్రతివారికిని బెల్టును ఉండవలెను. ప్రక్కబెంచీలకంటె ముందునకు తిరిగిన సీట్లే క్షేమము. మూడు వరుసలును నిలిపియుంచి సామానుకు ఎంత మిగులునో చూడుడు. అన్నిటికిని మించి, పెద్దవారు ఎవరి చేయి పట్టుకొనక ఎక్కగలరా యని పరీక్షింపుడు.

అంగడిలో అత్తగారు నేల తక్కువగానున్న బండి యొక్కదానిలో తామై ఎక్కి కడపటి వరుసలో పావుగంట కూర్చుండిరి. మామగారును ఎక్కి వారి ప్రక్కన కూర్చుండిరి. పిమ్మట ఎత్తుబండిలోను అట్లే కూర్చుండి చూచి, మోకాళ్లు పట్టుకొని దిగి, "పాలంపేటకు ఇట్లనే వచ్చినవా?" అని అత్తగారిని అడిగిరి. అత్తగారు నవ్వి యూరకుండిరి. మర్యాద మాట మామగారు మరల ఎత్తలేదు; మొదటి బండి వెల యెంతయని అడిగిరి.

మీరును బండి చూడబోవునప్పుడు ఇంటి పెద్దామెను వెంట తీసికొని పొండు. ఇల్లు చూచుకొందునని ఆమె యన్నచో, ఏలయని ఒక్కమారు అడుగుడు.