గోడ మూలలో తేలిన రేకు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లోని కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఇల్లు మారే రోజున ఫ్రిజ్ తగిలో, బీరువా ఒరుసుకునో హాల్లో గోడ మూల పెచ్చు లేస్తుంది. లోపల సన్నటి రేకు మెరుస్తుంది. ఇనుము బయటపడింది, కట్టడంలోనే ఏదో లోపముంది అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఆ రేకు కార్నర్ బీడ్. రెండు గోడలు కలిసే అంచు విరగకుండా, సూటిగా నిలిచేలా లోపల కూర్చిన చిల్లుల పట్టీ. మాదాపూర్ ఆఫీసుల్లో జిప్సమ్ బోర్డు పార్టిషన్ల మూలలకూ ఇలాంటి పట్టీయే కడతారు. దాని ముక్కు మీద లప్పం పలుచగానే ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలితే మొదట తేలేది అదే.

అపోహ: కాస్త లప్పం పూసి పైన రంగేస్తే చాలు.

ఎక్కువ చేటు చేసేది ఈ మాటే. లప్పంలో నీళ్లుంటాయి. జింకు పూత గీరుకుపోయిన ఉక్కుకు ఆ తడి తగలగానే తుప్పు మొదలవుతుంది. కొన్ని వారాలకు తెల్లటి ఎమల్షన్ మీద గోధుమరంగు మరక ఊరుతుంది. దాని మీద ఇంకో రెండు కోట్లు వేసినా మళ్లీ పైకే వస్తుంది, ఎమల్షన్ కూడా నీటి రంగే కదా. సిమెంటుకున్న క్షారగుణం ఉక్కును కొంత కాపాడుతుంది. జిప్సమ్‌కు ఆ గుణం లేదు.

ముందు పట్టీ కదులుతోందేమో నొక్కి చూడాలి. కదిలితే స్క్రూలతో బిగించాలి, లేకపోతే పైన ఎంత చక్కగా చేసినా పగులు తప్పదు. బయటికి పొడుచుకొచ్చిన ముక్కును సుత్తితో మెల్లగా లోపలికి దించాలి. బాగా నలిగిపోతే ఆ ముక్క కోసేసి కొత్తది వేయడమే మేలు. తర్వాత ఊడిన పెచ్చులు గీకి, తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, లోహానికి వాడే ప్రైమర్ వేయాలి. అది పూర్తిగా ఆరాకే లప్పం. ఒకే మందపాటి పొర కాదు, రెండు మూడు పలుచటి పొరలు, ఒక్కోటి ముందుదానికంటే వెడల్పుగా. ఈ పనిలో తొందరపడితే మరమ్మతు జాడ మూలలో ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంటుంది.

అపోహ: జీఐ (జింకు పూత ఉన్న) రేకుకు తుప్పు పట్టదు.

చిన్న గీత పడితే చుట్టూ ఉన్న జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాస్తుంది. పూత ఎక్కువ మేర పోయినా, బాత్రూం గోడ చెమ్మ ఎప్పుడూ తగులుతున్నా ఆ కాపు నిలవదు. మూల అడుగున మాత్రమే తుప్పు కనిపిస్తే ముందు ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. ఇంకో మాట: పూత చెదరని జీఐ మీద నేరుగా ఆయిల్ ఎనామెల్ వేస్తే కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడుతుంది. జీఐకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ప్రైమరే తీసుకోండి.

అపోహ: మూలలో ఏ ఇనుము కనబడినా మరమ్మతు ఒకటే.

ఇక్కడ పొరపాటు చేయకూడదు. చిల్లుల రేకు కాకుండా గుండ్రటి, గాట్లున్న కడ్డీ కనిపిస్తే అది కాంక్రీటులోని ఉక్కు. ఐటీ కారిడార్‌లోని చాలా టవర్లలో మైవాన్ పద్ధతిలో గోడలనే కాంక్రీటుతో పోశారు, కాబట్టి గదిలో గోడ కూడా భవనం బరువు మోస్తూ ఉండొచ్చు. కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం స్తంభాల్లో ప్రధాన కడ్డీల మీద సాధారణంగా 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి ఆ కాంక్రీటునే చీలుస్తుంది. అక్కడ లప్పం పూస్తే ప్రమాదాన్ని కప్పినట్టే. పెయింటర్ని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

పాత ఇళ్లలో గీకుడు మొదలుపెట్టే ముందు పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన పొరల్లో, ముఖ్యంగా ఎనామెల్‌లో, సీసం ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని రుద్దండి. రాలిన పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో ఎత్తేయండి.