పేరు రాయని ఫారంలో మన పేరు

హాస్టళ్లలో ఫిర్యాదుల పెట్టె ఒకటి ఉంటుంది. మెస్ గోడకో, ఆఫీసు గది పక్కనో మేకుకు వేలాడుతూ కనిపిస్తుంది. చీటీ మీద పేరు రాయనక్కర్లేదంటారు. కానీ ఎనభై మంది ఉండే హాస్టల్లో, రోజూ స్టడీ అవర్‌లో నోటు పుస్తకాలు చూసేవారికి చేతిరాతను బట్టి ఆ చీటీ ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే చాలా పెట్టెల్లో చీటీల కన్నా దుమ్మే ఎక్కువ. ఇప్పుడు అలాంటి పెట్టె ఫోనులోకి వచ్చింది. చేతిరాత లేదు కాబట్టి భయం లేదని అందరూ అనుకుంటున్నారు. అది ఎంతవరకు నిజమో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ హాస్టల్లో చదువుకుని ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ కోర్సులకు వెళ్లిన పాత విద్యార్థులం మేము. మా క్లాసు వాట్సాప్ గ్రూపులకు తరచూ గూగుల్ ఫారం లింకులు వస్తుంటాయి. నిద్ర, పరీక్షల ఒత్తిడి, పొగాకు, నెలసరి, ర్యాగింగ్, పాఠం చెప్పే కొత్త పద్ధతి - ఏదో ఒక అంశంపై పరిశోధన అంటారు. పైన "ఇది పూర్తిగా అనామక సర్వే, మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి" అని ఒక వాక్యం ఉంటుంది. తమ్ముళ్లు, చెల్లెళ్లలో కొందరు రేపు ఈ ఫారాలు నింపుతారు. మరికొందరు తామే తయారు చేస్తారు కూడా. వైద్య విద్యార్థులు రెండు నెలల చిన్న పరిశోధన చేసుకోవడానికి ఐసీఎంఆర్ 1979 నుంచే ఒక పథకం నడుపుతోంది. అలాంటి వాటిలో ఎక్కువమంది ఎన్నుకునేది సర్వేనే. ఖర్చు తక్కువ, బస్సెక్కే పని లేదు.

ముందుగా ఆ వాక్యంలోని రెండు మాటలను విడదీసి చూడాలి. అనామకం అంటే జవాబు ఎవరిదో పరిశోధకుడికే తెలియకపోవడం. గోప్యం అంటే ఆయనకు తెలుసు గానీ బయటకు చెప్పనని మాట ఇవ్వడం. మొదటిది ఏర్పాటు, రెండవది నమ్మకం. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేసిన ఫారాన్ని చూస్తే, తయారు చేసినవారికే తేడా తెలియదేమో అని మాకు అనుమానం వస్తుంది.

అసలు అనామకత్వం ఎందుకు అవసరం? వైద్య కళాశాలలో ఇంటర్నల్ మార్కులు, వైవా, ప్రాక్టికల్స్ అన్నీ అధ్యాపకుల చేతిలో ఉంటాయి. సర్వే చేసేవారు కూడా తరచుగా వాళ్లే. "మీ విభాగంలో వివక్ష ఉందా?" అని మార్కులు వేసే చెయ్యే అడిగితే నిజం చెప్పేవారు ఎందరు? 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందన్న ఆరోపణలపై కేంద్ర ప్రభుత్వం సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో వచ్చిన నివేదిక అధ్యాపకుల తోడ్పాటు, వైవాల్లో మార్కులు, హాస్టల్లో వెలివేత వంటి విషయాలను బయటపెట్టింది. ఆ నివేదికకు ప్రాణం విద్యార్థులు చెప్పిన మాటలే. వాళ్లు నోరు విప్పకపోతే అలాంటి నివేదిక ఉండేదే కాదు. అందుకే నోరు విప్పినవారికి రక్షణ ఉండాలి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఫారం పేరు అడగదు. కానీ ఏ సంవత్సరం చదువుతున్నారు, ఆడా మగా, వయసెంత, ఏ జిల్లా, ఏ సామాజిక వర్గం, హాస్టలా ఇల్లా అని అడుగుతుంది. విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ రహస్యం కాదు. కలిపి చూడండి. వందమంది బ్యాచ్‌లో ఎస్సీ కోటా 15 శాతం, అంటే పదిహేనుమంది. వారిలో అమ్మాయిలు ఏడెనిమిది మంది. ఒక జిల్లా నుంచి వచ్చినవారు ఇద్దరో ముగ్గురో. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ వచ్చింది. రెండు చోట్లా మొదటి గ్రూపు వాటా 1 శాతం. ఫారంలో "ఎస్సీలో ఏ గ్రూపు?" అన్న గడి కూడా ఉంటే, వంద సీట్ల బ్యాచ్‌లో ఆ గడి నింపేది ఒక్కరే కావచ్చు. ఇక పేరు రాయకపోతేనేం!

అదే క్లాసులో పట్నం నుంచి వచ్చిన, జనరల్ కోటాలో సీటు తెచ్చుకున్న విద్యార్థికి ఈ బాధ లేదు. అతనిలాంటివారు ముప్పై, నలభై మంది ఉంటారు. గుంపులో దాక్కోగలడు. తక్కువమంది ఉన్నవాళ్లే దొరికిపోతారు. చెప్పవలసిన కష్టం ఎక్కువగా ఉన్నది కూడా వాళ్లకే. ఒకే ఫారం అందరినీ ఒకేలా దాచదన్న సంగతి సర్వేలు చేసే పెద్దలకు చాలామందికి తట్టదు.

ఇది మా ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1990లలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధనకు ఇచ్చారు. అప్పుడు విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ ఇరవై డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి పట్టణం ఓటర్ల జాబితా కొన్నారు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, స్త్రీయా పురుషుడా అన్న మూడింటినీ రెండు జాబితాల్లో పోల్చి, సాక్షాత్తూ గవర్నర్ విలియం వెల్డ్ వైద్య రికార్డును పట్టుకున్నారు. ఆ మూడు వివరాలు చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చునని ఆమె 2000లో లెక్కగట్టారు. మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు అంతకన్నా తక్కువదేమీ కాదు. పుట్టినతేదీ, తల్లి పేరు, ఊరు, కులం అన్నీ అందులో ఉన్నాయి.

తల్లి పేరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. పాఠానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సర్వే చేసినప్పుడు రెండు జవాబులూ ఒకరివేనని తెలియాలి. అందుకు పేరు బదులు, అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన రోజు అంకె కలిపి ఒక కోడ్ రాయమంటారు. మంచి పద్ధతే. కానీ రిజిస్టరు చేతిలో ఉన్నవారికి ఆ కోడ్ విప్పడం క్షణాల పని. రిజిస్టరులో లేని సంగతితో కోడ్ అడగడం మేలు.

ఇక ఫోను సంగతి. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే ఏర్పాటు ఉంది. తయారు చేసినవారు దాన్ని ఆన్ చేస్తే మన ఈమెయిల్ జవాబుతోపాటు వెళ్తుంది. ఆ సంగతి ఫారం పైభాగంలోనే రాసి ఉంటుంది, చదవాలి. "ఒక్కసారే జవాబు" అని పెడితే లాగిన్ అవమంటుంది. ఈమెయిల్ సేకరణ ఆఫ్‌లో ఉంటే, లాగిన్ అయినా తయారు చేసినవారికి మన చిరునామా కనిపించదు. ఐపీ అడ్రసు కూడా గూగుల్ ఫారంలో వారికి కనిపించదు. వేరే కొన్ని సర్వే సాధనాల్లో అది నమోదవుతుంది, తయారీదారు ఆపాలి. ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది. ప్రతి జవాబు పక్కన నింపిన తేదీ, గంట, నిమిషం, సెకను పడతాయి. మనవాళ్లేమో ఫారం నింపగానే గ్రూపులో "డన్ మేడమ్" అని పెడతారు. ఆ రెండు సమయాలు పక్కపక్కన పెడితే అనామకత్వం అక్కడికక్కడే హుళక్కి.

లెక్కల మాస్టార్లు దీనికి ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. స్టాన్లీ వార్నర్ అనే ఆయన 1965లో ఆ ఆలోచన ప్రచురించారు. దాని సులువైన రూపం ఇది. ప్రశ్న "పరీక్షలో కాపీ కొట్టారా?" అనుకుందాం. ప్రతి విద్యార్థీ ఎవరికీ చూపకుండా నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే నిజంతో పని లేకుండా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. రెండు వందల మందిలో సుమారు వందమందికి బొమ్మ పడుతుంది, ఆ వంద "అవును"లు నాణేనివి. మొత్తం 130 "అవును"లు వస్తే మిగిలిన 30 నిజమైనవి. బొరుసు పడినవారు వందమంది కాబట్టి కాపీ కొట్టినవారు సుమారు 30 శాతం. ఎవరి "అవును" నాణేనిదో, ఎవరిది నిజమో దేవుడికి కూడా తెలియదు! అయితే ఇరవై మందితో ఈ లెక్క పనికిరాదు. నాణెం పదిసార్లకు బదులు పదమూడుసార్లు బొమ్మ పడితే అంతా తారుమారే.

జవాబిచ్చినవారు ఎవరన్నది మరో ప్రశ్న. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు పాల్గొన్నారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య నిర్ధారణ అయిందని వారిలో 27.8 శాతం మంది చెప్పారు. చాలా విలువైన సమాచారం. కానీ దేశంలో ఏటా లక్షకు పైగా ఎంబీబీఎస్ సీట్లు ఉన్నాయి. ఇది లింకు తెరిచి, ఇష్టపడి నింపినవారి శాతం మాత్రమే. బాధలో ఉన్నవారు ఎక్కువగా నింపారా, లేక బాధ వల్లే కొందరు నింపలేకపోయారా అన్నది శాతం చెప్పదు. పత్రికల్లో "ప్రతి నలుగురిలో ఒకరు" అని శీర్షిక చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పేరు లేకపోవడం వల్ల కీడు జరిగే సందర్భం కూడా ఒకటుంది. నిరాశను కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతారు. గత రెండు వారాల గురించి అడిగి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. రాత్రి పదకొండు గంటలకు ఒక విద్యార్థి అక్కడ "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెడితే పరిశోధకుడు ఆ మనిషిని వెతికి పట్టుకోలేడు. పట్టుకోగలిగితే అది అనామక సర్వే కాదు. ఈ ముడి పూర్తిగా విడిపోయేది కాదు. మా అభిప్రాయంలో ఆ ప్రశ్న పెట్టేవారు దాని కిందనే, అదే పేజీలో, సాయం దొరికే నంబరు తెలుగులో ఇవ్వాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. సర్వేతో సంబంధం లేకుండా కూడా ఆ నంబరు రాసి పెట్టుకోండి.

చిన్న తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వేరే నియమం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని పరిశోధనలో చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతితో పాటు పిల్లల ఇష్టమూ అడగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వార్డెన్ సార్ సరే అన్నంత మాత్రాన హాస్టల్ మొత్తాన్నీ కూర్చోబెట్టి నింపించడం చెల్లదు. పెద్దవారి విషయంలో కూడా, పేర్లు లేని సర్వేకు నైతిక కమిటీ సమీక్ష అక్కర్లేదని నిర్ణయించవలసింది కమిటీయే గానీ పరిశోధకుడు కాదు. ఒకసారి పంపిన అనామక జవాబును వెనక్కి తీసుకోవడం కుదరదు, ఏది మనదో వెతకలేరు కనుక. ఆ మాట మొదటి పేజీలోనే చెప్పాలి.

మీలో ఎవరైనా ఫారం తయారు చేస్తే, లెక్కకు నిజంగా అక్కరకు వచ్చే గడులే ఉంచండి. పుట్టినతేదీ బదులు వయసు వర్గం, జిల్లా బదులు పల్లె లేదా పట్నం చాలు. ప్రతి ప్రశ్నకూ "చెప్పదలచుకోలేదు" అన్న జవాబు పెట్టండి. ఐదుగురికన్నా తక్కువమంది ఉన్న వరుసలను నివేదికలో విడిగా చూపకుండా పక్క వరుసలో కలపండి. ఎంతమందికి లింకు వెళ్లింది, ఎందరు తెరిచారు, ఎందరు పూర్తి చేశారు, రెండుసార్లు నింపకుండా ఏం చేశారు అన్నవి రాయమని 2004లో గుంథర్ ఐసెన్‌బాక్ "చెర్రీస్" పేరుతో ఒక పట్టిక ఇచ్చారు. పత్రికలకు పంపేవారికి అది బాగా పనికొస్తుంది. నింపేవారిగా మీరు అడగవలసింది, ఫలితాలు మాకు ఎప్పుడు చూపిస్తారు అని. మా గ్రూపుల్లో వచ్చిన లింకుల్లో ఆ తేదీ రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.