జ్వరంలోనూ పాచినోరు పనికిరాదు

"ఓపిక లేదమ్మా, ఇవాళ్టికి పళ్లు తోముకోనులే" అన్నారు మా అత్తగారు. 2021 మే, కోవిడ్ రెండో విడత. సికింద్రాబాద్‌లో మా వీధి మీదుగా గాంధీ ఆస్పత్రికి పగలూ రాత్రీ అంబులెన్సులు. ఆక్సిజన్ అంకె చూసుకునే కంగారులో నోటి సంగతి ఎవరికి పడుతుంది? నేనూ సరేనన్నాను.

మూడోరోజుకి నాలుక మీద తెల్లటి పొర, చిగుళ్ల వెంట రక్తం. కట్టుడు పళ్లు రాత్రిళ్లు కూడా నోట్లోనే! అసలే షుగర్ మనిషి. తెలిసిన డెంటిస్టుకి ఫోన్ చేస్తే, ముందు ఆ పళ్లు తీయించమని కేకలేశారావిడ.

నోట్లోని క్రిములు నిద్రలో ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారుతుంటాయట. మామూలప్పుడు శరీరమే వదిలించుకుంటుంది. వైరస్‌తో దెబ్బతిన్నప్పుడు ఆ శక్తి తగ్గి న్యుమోనియా పట్టుకోవచ్చు. 1918 ఫ్లూలో ఎక్కువమందిని బలిగొన్నది ఇలా వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే. ఖతార్‌లో 568 మంది కోవిడ్ రోగుల వివరాలు పరిశీలించి 2021లో ప్రచురించారు. ముదిరిన చిగుళ్లవ్యాధి ఉన్నవాళ్లు ఐసీయూలో చేరే అవకాశం దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. వయసు, షుగర్, సిగరెట్లు లెక్కలోకి తీసుకున్నాకే సుమా! అలాగని చిగుళ్లే కారణమని రుజువైపోలేదు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కోవిడ్ పోతుందన్న మాటా నమ్మకండి.

మంచం పక్కన బేసిన్ పెట్టి, మాస్కు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో రెండుపూటలా నేనే తోమాను. కట్టుడు పళ్లు రాత్రి నీళ్లగిన్నెలో. అత్తగారి బ్రష్షు మా అందరి మగ్గులోంచి వేరుచేశాను.

ఆవిడ కోలుకున్నారు. బ్రష్షు వల్లేనని నేననను. నోరు శుభ్రపడ్డాక జావ మాత్రం నాలుగు గుక్కలు ఎక్కువ తాగారు. ఆగస్టులో పళ్ల గార తీయించడానికి తీసుకెళ్తే, "నీ చిగుళ్లూ చూపించుకో, పొద్దున సింకులో ఎరుపు చూశాను" అన్నారు.