జీడీలో ముద్రలు వేయొద్దు!

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్. విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి నుంచి జగదల్‌పూర్ రోడ్డు చీలేది ఇక్కడే. ఈ కూడలిలో ఓ సంఘం ధర్నాకు కూర్చుందనుకోండి. రోడ్డు మీద కూర్చుంటే అంబులెన్సు ఆగొచ్చు. ఊరి చివర మైదానానికి పొమ్మంటే వాళ్ల గోడు వినేవారే ఉండకపోవచ్చు. పోలీసులు అనుమతి ఇవ్వాలా, వద్దా? గ్రూప్ డిస్కషన్‌లో ఇదే అంశం వస్తే మీరేమంటారు?

చాలామంది తొలి నిమిషంలోనే దెబ్బతింటారు. ఒకరు ‘పెయిడ్ ఆర్టిస్టులు’ అంటారు. మరొకరు ‘పోలీసు రాజ్యం’ అంటారు. చర్చ కాస్తా రచ్చవుతుంది. ముద్ర వేయగానే వాదన గెలిచినట్టు అనిపిస్తుంది. నిజానికి అది మొదలే కాలేదు.

జీవో 1 ఏం నేర్పుతుంది?

2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు. మర్నాడే అప్పటి వైకాపా ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఆధారంగా, అరుదైన సందర్భాల్లో తప్ప రోడ్లపై సభలకు అనుమతి ఇవ్వొద్దన్నది దాని సారాంశం. ‘ప్రజల భద్రత’ కోసమని ప్రభుత్వం చెప్పింది. ‘చీకటి జీవో’ అని ప్రతిపక్షాలు మండిపడ్డాయి. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

మొదటి మాటను ఎవరూ కాదనలేరు, రెండోదాన్ని ఎవరూ ఔననలేరు. అసలు ప్రశ్న వేరు: క్రమబద్ధం చేయడానికీ, పూర్తిగా ఆపేయడానికీ మధ్య గీత ఎక్కడ? ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణ ఇచ్చింది. సహేతుకమైన ఆంక్షలకు 19(3) వీలు కల్పించింది. వీధి సభలను నియంత్రించవచ్చు గానీ, ఇష్టానుసారం నిరాకరించే అధికారం చెల్లదని 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇలా మాట్లాడండి

* ‘అల్లరిమూకలు’ అనకండి. ‘గంటసేపు రోడ్డు ఆపారు’ అనండి. ‘అణచివేత’ అనే బదులు ‘కారణం చెప్పకుండా అనుమతి నిరాకరించారు’ అనండి. అయితే అలా జరిగిందని తెలిస్తేనే!

* ఎదుటివారి బలమైన పాయింటును ముందు ఒప్పుకోండి. ‘కందుకూరు మరణాలు చిన్న విషయం కాదు. అయితే...’ అంటూ మొదలుపెడితే మీ మాట వింటారు.

* పార్టీలను తారుమారు చేసి చూసుకోండి. అదే ఉత్తర్వు మీకు నచ్చిన పార్టీ ఇస్తే ఇదే మాట అంటారా?

* పాత పేర్లు సరిచూసుకోండి. 144 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 163 వచ్చింది.

గోడ మీద పిల్లిలా ఉండమని కాదు. ఏదో ఒక వైపు నిలబడండి, కానీ కారణంతో నిలబడండి.

ఈ రోజే మొదలుపెట్టండి. పేపర్లో ఏదైనా నిరసన వార్త తీసుకుని, ముద్రలనిపించిన మాటలకు పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వాటిని వదిలేసి మళ్లీ చదవండి. మిగిలిందే మీ పాయింటు. ఏమీ మిగల్లేదా? ఆ వార్తను నమ్ముకుని జీడీకి వెళ్లకండి!