పేజీలు నిండితే మార్కులు పడతాయా?

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ గేటు దగ్గర అర్ధరాత్రి కూడా ఇసుకేస్తే రాలనంత జనం. చదువుకోవడానికి వెళ్లేది ఒక్కరైతే సాగనంపేవాళ్లు పదిమంది. వెళ్లే కుర్రాడి ఫైల్లో పదో తరగతి మెమో ఉంటుంది, ఐఈఎల్‌టీఎస్ స్కోరో జీఆర్‌ఈ స్కోరో ఉంటుంది. అన్నింట్లోనూ అతను రాసినదానికి ఎవరో వేసిన మార్కు ఉంది. అది ఎలా పడుతుందన్న దాని మీద మన ఇళ్లలో బోలెడు నమ్మకాలు.

అపోహ: అడిషనల్స్ ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులు.

ఇది ఉత్త గాలికబురని కొట్టేయలేం. అమెరికాలో 2005లో శాట్ పరీక్షలో వ్యాసం పెట్టినప్పుడు, ఎంఐటీలో రచన బోధించే లెస్ పెరల్‌మన్ నమూనా వ్యాసాలు ముందేసుకుని చూశారు. పొడవు చూసే స్కోరు దాదాపుగా చెప్పేయొచ్చని తేలింది. శాట్ 2021లో ఆ వ్యాసానికి స్వస్తి చెప్పింది. ఐఈఎల్‌టీఎస్ లెక్క మాత్రం వేరు. మొదటి టాస్క్‌కి కనీసం 150 పదాలు, రెండోదానికి 250 రాయాలి. అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన వరుసగా సాగిందా, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది అన్న నాలుగింటికీ సమాన వెయిటేజీ. ప్రశ్నలోని వాక్యాలనే తిరగరాస్తే అవి లెక్కలోకే రావు. కోచింగ్‌లో బట్టీ పట్టిన టెంప్లేట్‌ని పసిగట్టడం ఎగ్జామినర్‌కి శిక్షణలో భాగం.

అపోహ: ముత్యాల్లాంటి అక్షరాలుంటే చాలు.

దస్తూరి ప్రభావం ఉన్నమాట నిజమే, కానీ అది మనం అనుకునే దారిలోనే పోదు. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ పరిశోధకులు 1994లో ఓ పని చేశారు. చేత్తో రాసిన వ్యాసాలను టైపు చేయించి, టైపు చేసినవాటిని చేత్తో రాయించి మళ్లీ దిద్దించారు. టైపు ప్రతులకే తక్కువ మార్కులొచ్చాయి! అచ్చులాంటి కాగితం మీద తప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది మరి.

అపోహ: అనుభవమున్న టీచర్లు ఎవరు దిద్దినా మార్కు ఒక్కటే.

1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని అమెరికాలో నూటికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. నూరేళ్లు దాటినా ఈ జబ్బుకి తెలిసిన మందులు కొద్దే: ముందే నమూనా జవాబులు దిద్దించి అందరి చేతినీ ఒక కొలతకి తేవడం, ఒక్కో పత్రాన్ని ఇద్దరి చేత చూపించడం. రెండోది ఖర్చుతో కూడిన పని. స్పాట్ వాల్యుయేషన్‌లో ముందు బండిళ్లు పేరుకుపోయిన టీచరమ్మను ప్రతి పేపరూ ఇద్దరు చూడాలంటే ఏమంటుందో అడిగి చూడండి.

మనిషి వద్దు, మెషీన్‌కి ఇచ్చేద్దామా? అదే పెరల్‌మన్ 2014లో విద్యార్థులతో కలిసి ‘బేబెల్’ అనే ప్రోగ్రాం తయారుచేశారు. అది అర్థంపర్థం లేని వ్యాసాలను క్షణాల్లో అల్లుతుంది. వాటికి కంప్యూటర్ గ్రేడర్లు దర్జాగా పెద్ద స్కోర్లు వేశాయి. జీఆర్‌ఈలో మనిషి వేసిన స్కోరుని మెషీన్ స్కోరుతో సరిచూస్తారు. రెండూ బాగా తేడాగా ఉంటే ఇంకో మనిషిని పిలుస్తారు.

అపోహ: రీకౌంటింగ్ పెడితే పేపర్ మళ్లీ చదువుతారు.

చదవరు, కూడికలు సరిచూస్తారు. అయితే కూడికలూ, ఓఎంఆర్ షీట్‌లో మార్కులకి నింపే బుడగలూ చిన్న విషయమేమీ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా విద్యార్థిని ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. నిజంగా వచ్చినవి 99. జవాబుపత్రం దిద్దినవారు ఓఎంఆర్‌లో 99కి బదులు 00 దిద్దారు. ఆ ఏడాది ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. వెయ్యిమందికి పైగా పాసయ్యారు.