రివర్స్ గేరు ఎందుకు కూస్తుంది?

“మా కారు ముందుకెళ్ళేటప్పుడు కిక్కురుమనదు. రివర్స్ చేస్తే మాత్రం సన్నగా కూస్తుంది. రేసు కార్లలోనూ అదే కూత వినిపిస్తుంది. రెండింటికీ సంబంధం ఉందా?” అని ఓ పాఠకుడు అడిగారు. ఉంది, చాలా దగ్గరి సంబంధం!

పళ్ళు షాఫ్టుకు సమాంతరంగా, తిన్నగా ఉంటే స్పర్ గేరు. ఏటవాలుగా ఉంటే హెలికల్ గేరు. రోడ్డు కారును ముందుకు నడిపేవి హెలికల్ గేర్లు. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్ కోసం ఐడ్లర్ అనే చిన్న గేరును పక్కనుంచి జరిపి కలుపుతారు. అలా జారి దూరాలంటే పళ్ళు తిన్నగా ఉండాలి. రేసు కార్లలో దాదాపు అన్నీ తిన్నని పళ్ళే.

పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుని కూస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ పళ్ళకు సూచించిన ఇన్‌వొల్యూట్ వంపు పుణ్యమా అని అవి దొర్లుతూ, జారుతూ సాఫీగా సాగుతాయి. మరి కూత ఎక్కడిది? ఉక్కు కూడా వంగుతుంది! అసలు అందమంతా ఇక్కడే ఉంది. స్పర్ గేర్లలో ఓ క్షణం రెండు జతల పళ్ళు భారాన్ని పంచుకుంటాయి, మరుక్షణం ఒక్క జతే మోస్తుంది. ఇద్దరు మోసినప్పుడు తక్కువ వంగుడు, ఒక్కరే మోస్తే ఎక్కువ. తేడా మైక్రాన్లలోనే ఉంటుంది, కానీ ప్రతి పంటికీ ఒకసారి వస్తుంది. 30 పళ్ళ గేరు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 1500 సార్లు! ఆ వణుకు షాఫ్టుకు, బేరింగులకు, కేసింగుకు పాకి గాలిని కదిలిస్తుంది. మన చెవి చక్కగా పట్టే స్వరం అది. వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది.

హెలికల్ పన్ను ఒక కొసన తాకడం మొదలుపెట్టి మెల్లగా రెండో కొస దాకా పాకుతుంది. ఈలోగా పక్క జతలూ భారం అందుకుంటాయి కనుక వంగుడులో ఎగుడుదిగుళ్ళు బాగా తగ్గిపోతాయి.

రేసువాళ్ళు దీన్నెందుకు వద్దంటారు? “తిన్నని పళ్ళు బలమైనవి” అనే జవాబు ఎక్కడ చూసినా ఉంటుంది. అది తప్పు. అదే ఉక్కు, అదే వెడల్పు అయితే సాధారణంగా హెలికల్‌దే పైచేయి. అసలు కారణం పక్కతోపు. పళ్ళు 30 డిగ్రీలు వాలితే, తిప్పే బలంలో దాదాపు 58 శాతం షాఫ్టును పక్కకు నెడుతుంది. దాన్ని ఆపడానికి పెద్ద బేరింగులు, దళసరి కేసింగు కావాలి. గ్రాముల లెక్కన బరువు తగ్గించుకునేవాళ్ళకు ఆ అదనపు బరువు దండగ.

తిన్నని పళ్ళున్నవన్నీ ‘డాగ్ బాక్సులే’ అనడం మరో పొరపాటు. పళ్ళ కోత వేరు, గేరు పట్టుకునే పద్ధతి వేరు. 1928లో క్యాడిలాక్ తెచ్చిన సింక్రోమెష్ ముందు వేగాలను సమం చేసి, తర్వాత కలుపుతుంది. డాగ్‌లంటే గేరు పక్కన ఉండే మొద్దు ముక్కలు. వేగాలు కలిసేదాకా ఆగకుండా నేరుగా పట్టేస్తాయి. హెలికల్ గేర్లకూ వాటిని పెట్టొచ్చు.

ఇవన్నీ కళ్ళారా చూడడానికి రేసు ట్రాక్ దాకా వెళ్ళక్కర్లేదు. మెకానిక్ షెడ్డులో విప్పిన మోటార్‌సైకిల్ గేర్‌బాక్సు ఉంటే అడిగి చూడండి. తిన్నని పళ్ళూ, వాటి పక్కన డాగ్‌లూ కనిపిస్తాయి. ఫస్ట్ గేరు వేసినప్పుడు టక్కుమనేది ఆ డాగ్‌లే.