పెరటి పిట్టలు, వాటి నేస్తములు

పెరటిలో ఒక జామచెట్టు, ఒక కరివేపచెట్టు, నూతిగట్టు చెంత నాలుగు అరటిపిలకలు, గోడవార ఒక మందారము ఉన్న యింటికి ఉదయము మొదలు మధ్యాహ్నము లోపల ఎన్ని విధముల పక్షులు వచ్చి పోవుచుండునో లెక్కించి చూచినవారు తక్కువ. లెక్కించినవారు తొలినాడే ఆశ్చర్యపడుదురు. కాకి, పిచ్చుక, గోరింక, చిలుక - ఈ నాలుగింటిని ఎరుగని వారుండరు. తోకక్రింద ఎర్రని మచ్చతో జామపండు పొడుచుకొని తిను పికిలిపిట్టను సగముమంది ఎరుగుదురు. మందారమును పట్టుకొని తలక్రిందుగా వ్రేలాడు తేనెపిట్టను చూచి అది పెద్ద తుమ్మెద యనుకొను పిల్లలు నేటికిని కలరు. ఇక నిమ్మచెట్టు ఆకుల అంచులను ముక్కుతో పొడిచి, దూదిపోగులతోను సాలెపట్టుతోను కుట్టి, ఆ సంచిలో గ్రుడ్లు పెట్టు బుల్లిపిట్ట సంగతి ఇంటివారికి తెలియకుండగనే దాని పిల్లలు ఎగిరిపోవుచుండును. అరచేతిలో ఇముడు ఆ పిట్ట గొంతు మాత్రము వీధి చివరి వరకు వినవచ్చును. విన్నవారు అది ఏదో పెద్దపక్షి కూత యని తలచుచుందురు.

పక్షులను పరిశీలించుట ఏకాంతప్రియుల వ్యాసంగమని లోకమున ఒక అభిప్రాయము కలదు. దుర్భిణి మెడలో వేసికొని, మాటలాడక, గంటల తరబడి పొదల చాటున కూర్చుండు మనిషి బొమ్మయే అందరి కన్నులకు కట్టును. అది సగము నిజము. చూచుట ఒంటరిగా జరుగవచ్చును గాని, చూచినదానిని నిలుపుకొనుటకు తోడు కావలెను. ఒకడు సాయంకాలపు మసక వెలుతురులో డేగను చూచితి ననును. ప్రక్కవాడు అది కోకిలపెట్ట యనును. కోకిలలో మగది నిగనిగలాడు నలుపు, ఆడుది మచ్చల గోధుమవన్నె. దూరమునుండి చూచి ఆ మచ్చల పెట్టను డేగ యనుకొనువారు మొదటి సంవత్సరమున అందరును. అన్నట్లు, వసంతమున గొంతెత్తి పాడు కోకిల మగది. కోకిలమ్మ యని పిలిచి మురిసిపోవుట మన వాడుక గాని, ఆ అమ్మ పని వేరు: కాకి యెప్పుడు గూడు విడుచునా యని పొంచియుండి అందులో తన గ్రుడ్డు పెట్టి వచ్చుట. ఇటువంటి తగవులు తీరుటకు పదిమంది నేస్తములును, ఒక నోటుపుస్తకమును ఉండవలెను.

మన దేశమున ఈ నేస్తములను ఒకచోటికి చేర్చిన చిన్న పత్రిక యొకటి 1960లో బొంబాయిలో మొదలైనది. దాని పేరు న్యూస్ లెటర్ ఫర్ బర్డ్ వాచర్స్. దానిని స్థాపించి, దశాబ్దముల తరబడి సంపాదకత్వము వహించినవారు జఫర్ ఫతేఅలీ. ఆయన 1883లో ఏర్పడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు గౌరవ కార్యదర్శిగా కూడ పనిచేసిరి. ఆ సంఘమునకు శాస్త్రజ్ఞులు వ్రాయు గంభీరమైన పత్రిక వేరుగా ఉండెను. ఈ చిన్న పత్రిక మాత్రము తోటలలోను, వాకిళ్ళలోను, ప్రయాణములలోను సామాన్యులు చూచిన సంగతుల కొరకు పుట్టినది. ఇట్టివి గొప్ప పరిశోధనలు కాకపోవచ్చును. కాని వేరెవ్వరును వ్రాసి పెట్టని సంగతులు.

వ్రాసిన దానిని పంచుకొనకున్న ఏమగునో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు ముఖ్యకారకుడైన ఏ. ఓ. హ్యూమును ఉపాధ్యాయులందరు ఎరుగుదురు. అంతకు పూర్వము ఆయన ఈ దేశపు పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కు. 1872లో స్ట్రే ఫెదర్స్ అను పత్రికను ప్రారంభించి, దేశము నలుమూలలనున్న పరిచితులచేత పక్షుల వార్తలు వ్రాయించి ప్రకటించెను. మరొక ప్రక్క, తాను వ్రాయదలచిన మహాగ్రంథమునకై ఏండ్ల తరబడి వ్రాతప్రతులు కూడబెట్టుకొనుచుండెను. ఆయన సిమ్లాలో లేని సమయమున ఇంటి పనివా డొకడు ఆ కాగితముల కట్టలను బజారులో చిత్తుకాగితముల క్రింద అమ్మివేసెను. మణుగుల కొలది కాగితము పచారీ పొట్లములై పోయినది! ఆ గ్రంథము మరి పుట్టలేదు. హ్యూము తన పక్షిచర్మముల సంగ్రహమును బ్రిటిష్ మ్యూజియమునకు ఇచ్చివేసి ఆ వ్యాసంగమునుండి తప్పుకొనెను. స్ట్రే ఫెదర్స్ సంపుటములలో మిత్రులతో పంచుకొన్నది మాత్రము నేటికిని గ్రంథాలయములలో చదువ దొరకుచున్నది.

తెలుగు నేలకు సంబంధించిన కథ ఇంతకంటె పాతది. టి. సి. జెర్డన్ అను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండెను. వైద్యము వృత్తి, పక్షులు వ్యసనము. ఆ జిల్లాలోని యానాదులను, వేటగాండ్రను అడిగి, వారు పిట్టల కిచ్చిన పేర్లను శ్రద్ధగా వ్రాసికొనెను. 1862లో వెలువడనారంభించిన ఆయన బర్డ్స్ ఆఫ్ ఇండియా గ్రంథమున ఇంగ్లీషు పేరు ప్రక్కన తెలుగు పేరు కనబడుట అందువలననే. పసుల వెంట తిరుగుచు, వాటి వీపులపై వ్రాలి, గిట్టలు తగిలి లేచిన మిడుతలను పట్టుకొను చీలుతోక నల్లపిట్టను మన పల్లెలలో పసులపోలిగాడు అందురు. ఆ మాట నాడే అచ్చుకెక్కినది. నేటి బడిపిల్లవానిని ఆ పిట్ట పేరడిగిన, "డ్రోంగో" యని చెప్పువాడు మేటి. "ఏదో కాకిపిల్ల" యనువాడు సామాన్యుడు. పసులు లేని వీధిలో పసులపోలిగాని పేరు నిలుచుట కష్టమే. అయినను తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ఆ పేరు పలికినచో ముప్పదిమందికి అబ్బును. పేర్ల విషయమున ఒక చిక్కు లేకపోలేదు. ఒక జిల్లాలో ఒక పేరు, మరొక జిల్లాలో మరొకటి; ఒకే పేరు రెండు పిట్టలకును కలదు. కనుక పేరు వ్రాయునప్పుడు ఊరి పేరు కూడ వ్రాసికొనుట మేలు.

ఆ జెర్డన్ పేరనే ప్రసిద్ధి కెక్కిన పక్షి కలివికోడి. కలివిపొదల నడుమ రాత్రివేళ సంచరించు ఈ పక్షి 1848లో శాస్త్రలోకమునకు తెలియవచ్చి, 1900 తరువాత ఎవ్వరి కంటను పడలేదు. నశించినదనియే పండితులు నిర్ణయించిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది సజీవముగా దొరకినది. ప్రకృతి చరిత్ర సంఘము వారు ఊరూర బొమ్మలు చూపి విచారించుచుండగా, దానిని పట్టి తెచ్చినవాడు ఐతన్న అను స్థానికుడు. అతని చదువు అడవిలో జరిగినది. పట్టణపు పండితుడును, అడవి నెరిగిన పిట్టలవాడును ఒకరి నొకరు నమ్మి మాటలాడుకొన్నందున, ఎనుబదియారేండ్ల మౌనము వీడినది.

అడవులకు పోలేనివారికి పెరడు తక్కువది కాదు. ఇందుకు గిజిగాడు సాక్షి. 1930లో సలీం ఆలీ ఉద్యోగము లేక, బొంబాయి కెదురుగా సముద్రపు టొడ్డున నున్న కిహీం గ్రామమున ఇంటిపట్టున నుండెను. దాపున గిజిగాళ్ళ గూళ్ళున్న చెట్లు కలవు. వేరు పని లేనందున ఆయన దినదినమును వాటిని గమనించి, ఏ మగపక్షి ఏ గూడు కట్టెను, ఏ పెట్ట ఎప్పుడు వచ్చెను అని గుర్తులు పెట్టుకొనెను. అంతవరకు జనులు, ఆలుమగలు కలిసి గూడు కట్టుకొని కాపురము చేయుదురని భావించుచుండిరి. జరుగునది వేరు. వానకారు రాగానే పచ్చని తలపాగ చుట్టినట్లు మారిన మగపక్షి, గడ్డిపోచలు నిలువున చీల్చి తెచ్చి, గూడు సగము అల్లును. అప్పుడు పెట్టలు పెండ్లివారివలె వచ్చి, ఒక్కొక్క గూటిని లోపల వెలుపల లాగి పరీక్షించును. నచ్చనిచో మరుమాట లేదు, వెళ్ళిపోవును. నచ్చినచో పెట్ట అందు స్థిరపడును. మగపక్షి మిగిలిన పనిని, అనగా క్రిందికి వ్రేలాడు గొట్టమువంటి ద్వారమును పూర్తిచేయును. గ్రుడ్లు పొదుగుట, పిల్లలను సాకుట చాలవరకు తల్లి వంతు. ఆ అయ్య అంతటితో ఆ యింటి బాధ్యత తీర్చుకొని, ప్రక్కకొమ్మపై రెండవ గూటికి పునాది వేయును! వీలైనచో మూడవదానికిని. ఈ వింత 1931లో ప్రకటితమైనది.

గూటిలోపల గిజిగాడు అంటించు బంకమట్టిలో మిణుగురులను గ్రుచ్చి దీపము పెట్టుకొనునని మన అవ్వలు కథ చెప్పుదురు. మట్టి యున్న మాట నిజము. దీపము మాత్రము అవ్వల కానుక.

పిచ్చుక విషయమున కొంత నిదానము అవసరము. చూరులో, మొలలకు తగిలించిన పటముల వెనుక, దూలపు సందులలో గూడు పెట్టుట దాని అలవాటు. పెంకుటిండ్లు పోయి గచ్చుటిండ్లు వచ్చిన పిమ్మట ఆ సందులు లేవు. పిల్లలకు తినిపించుటకు పురుగులు కావలెను. మొక్క లేని వీధిలో పురుగు లేదు. 2010 నుండి ఏటేట మార్చి 20న పిచ్చుకల దినము జరుపుచున్నారు. పిచ్చుక లోకమునుండి మాయమైపోయినదని సభలలో కంటతడి పెట్టు ఉపన్యాసములు ఆ దినమున వినవచ్చును. సెల్ ఫోన్ స్తంభములే దానిని చంపినవని తీర్పులును వినవచ్చును. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక మరియొక విధముగా చెప్పినది: దేశము మొత్తముమీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలుకడగా నున్నది, హైదరాబాదు మొదలగు ఆరు మహానగరములలో తగ్గినది. స్తంభముల నేరమునకు గట్టి ఋజువు దొరకలేదు. కోతల కాలమున వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకును, దేవాలయ మండపములకును వ్రేలాడదీయు ఆచారము తెలుగునాట ఇంకను కొన్ని యూళ్ళలో కలదు. ఆ కుచ్చు కట్టినచోట పిచ్చుక ఎన్ని దినములకు వచ్చినదో వ్రాసి పెట్టిన బాలుడు, ఉపన్యాసకునికంటె ఎక్కువ సంగతి చెప్పగలడు.

ఆ నివేదికయే 2023లో మరల వెలువడినది. 30,000 మందికి పైగా పరిశీలకులు నమోదు చేసిన మూడు కోట్ల సమాచారములను ఆధారముగా చేసికొని 942 జాతుల స్థితిని విచారించినది. ఈ పరిశీలకులలో పక్షిశాస్త్రము వృత్తిగా గలవారు కొద్దిమంది. తక్కినవారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు. తగ్గుచున్న పక్షులలో పాలపిట్ట యొకటి యని అందులో తేలినది. దసరానాడు పాలపిట్టను చూచినచో శుభమని నమ్మి ఊరి వెలుపలికి పోవువారికి ఈ వార్త ఆలోచింపదగినది. ఆ దర్శనము సులభము చేయుటకై కొందరు పిట్టను ముందుగా పట్టి, రెక్కలు కట్టి, పంజరములో పెట్టి, రూపాయలు తీసికొని చూపుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించినది. తెలంగాణ తన రాష్ట్రపక్షిగా పాలపిట్టనే ఉంచుకొనెను; ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను గైకొనెను. ఆ చిలుకయు పంజరముల పాలగుచునే యున్నది. తీగమీదనుండి నేలకు దూకి, నీలిరెక్కలు విప్పి మరల తీగ నెక్కు పాలపిట్టను చేనిగట్టున చూచినవానికి పంజరములోని దానిని చూడ మనసొప్పదు.

పాఠశాలలకు ఇందులో పని కలదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ పాఠశాల తన లోయలో చెట్లు పెంచి, పక్షుల లెక్కలు వ్రాసి, 1991లో ఆ ప్రదేశమును పక్షుల అభయస్థానముగా ప్రకటించుకొనెను. అంత స్థలము అన్ని బడులకు లేదు. ఒక వేపచెట్టు, ఒక మట్టిమూకుడు నీళ్ళు, వెనుకవైపు కాగితము ఖాళీగా నున్న ఒక పాత రిజిస్టరు చాలును. ఇద్దరిద్దరు పిల్లలను జతపరచి, పదునైదు నిమిషములు ఒకేచోట నిలిపి, చూచిన పక్షిని, సంఖ్యను, వేళను వ్రాయించవలెను. ఇద్దరు ఏకీభవింపనిచో ఆ పక్షి యెదుట ప్రశ్నార్థకము వేయించవలెను గాని, పుస్తకములోని బొమ్మ చూచి పేరు పూరింపనీయరాదు. గూడు కనబడినచో దూరమునుండి చూడవలెను. పిల్లలు గుంపుగా మూగినచో తల్లిపక్షి బెదరును, కాకి దారి తెలిసికొనును. 2013 నుండి ఏటేట ఫిబ్రవరి మాసమున నాలుగు దినములు జరుగు పెరటి పక్షుల గణనకు ఈ పదునైదు నిమిషముల లెక్కయే సరిపోవును. హైదరాబాదులో 1980లో ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘము వారు తమ వార్తాపత్రికకు "పిట్ట" యని ముద్దుగా పేరు పెట్టుకొనిరి.

వర్షములు వెనుకబట్టి చలి తిరుగుచుండగా చెరువుగట్లపైకిని, బడి ఆవరణములోనికిని కాటుకపిట్టలు దిగును. తోక నిలకడ లేకుండ ఆడించుచు నేలపై పరుగిడు ఈ చిన్నపక్షులలో కొన్ని హిమాలయములు దాటి వచ్చినవి. అవి దిగిన మొదటి తేదీని రిజిస్టరులో తొలిపుటపై వ్రాయించి, ప్రక్క ఊరి బడికి ఒక కార్డు వ్రాయించవచ్చును. వారి ఊరికి రెండు దినములు ముందుగా వచ్చినవో, నాలుగు దినములు ఆలస్యముగా వచ్చినవో జవాబులో తెలియును.